గ్రాన్‌ఫోర్స్ క్లబ్బు చరిత్రలో మా తాత

స్వీడన్ దేశంలో ఇప్పటికీ ఫుట్‌బాల్ ఆడుతున్నారంటే అది మా తాత లస్మయ్య పుణ్యమే. ఆయన ఖతర్‌లో గడ్డి కోసి, నీళ్లు పెట్టి, తెల్లగీతలు గీయకపోయి ఉంటే అక్కడివాళ్లు ఈపాటికి బంతులన్నీ మంచులో పాతిపెట్టి పేకాట నేర్చుకునేవాళ్లు. ప్రపంచకప్పును దోహాకు తెచ్చింది కూడా ఆయనేనని రాయాలని ఉంది. కానీ ఆ మాట ఆయన భార్య, మా బాలవ్వ ఇప్పటికే ఊరంతా చెప్పేసింది, నాకు మిగల్చలేదు.

ఇంతటి మనిషికి ఒక్కటే జబ్బు, కుళ్లు. పొరుగువాడి బోరులో నీళ్లు పడితే మా తాతకు జ్వరం వచ్చేది. కూలీల క్యాంపులో పై మంచం మనిషి గురక పెడితే, నిద్ర చెడినందుకు కాదు, తనకన్నా వాడికి మంచి నిద్ర పడుతున్నందుకు కుమిలిపోయేవాడు. ఈ సంగతి ఆయన దాచుకోడు. "ఓర్వనితనం లేనోడు పని ఏం జేస్తడు?" అంటాడు.

మా తాతది కోరుట్ల దగ్గరి ఊరు. దుబాయ్ పోతున్నానని చెప్పి ఖతర్‌లో దిగాడు. మా ఊరివాళ్లకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. చాలా ఏళ్లు సెంట్రింగ్ పని చేశాడు. మోకాళ్లు మొరాయించాక కంపెనీ ఆయన్ను గడ్డి పనికి మార్చింది. పొద్దున్నే ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు దగ్గర బస్సెక్కి, అల్ అజీజియా పక్కన జట్లు ప్రాక్టీసు చేసుకునే మైదానాల దగ్గర దిగాలి. అక్కడ ఒక మైదానం పూర్తిగా ఆయన చేతికిందిది.

ఈ కబురు ఫోనులో చెబితే బాలవ్వకు అర్థం కాలేదు.

"గడ్డి కోసుడా? గడ్డి కోసుటానికి దుబాయ్ దాక పోవాల్నా? మన ఒడ్ల మీద లేదా గడ్డి?"

"ఇది ఆట ఆడే గడ్డే."

"కోసినంక ఏ బర్లకేస్తరు?"

"బర్లు లేవు. పారేస్తరు."

పచ్చిగడ్డిని పారేసే దేశంలో మొగుడు ఏం బాగుపడతాడని అవ్వ బెంగ.

తాత మైదానానికీ పక్క మైదానానికీ మధ్య ఒక జాలీ కంచె ఉంది. కంచె అవతల మైదానం ధర్మరాజుది. ఆయనది అమలాపురం వైపు. ఇంటర్ చదివాడు, ఇంగ్లీషు మాట్లాడతాడు. భార్య దయమ్మ ఒక క్లినిక్‌లో నర్సు. ఇద్దరూ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో రెండు గదులు తీసుకుని ఉంటారు. అందువల్ల ధర్మరాజుకు రోజూ ఇంటి నుంచి క్యారియర్ వస్తుంది. అందులో చేపల పులుసు ఉంటే మూత తీయకముందే మా తాత కడుపు మండడం మొదలయ్యేది. క్యాంపు పప్పు తినే నోరు మరి.

ధర్మరాజు మంచివాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆయన కంచె సందులోంచి గిన్నె అందించేవాడు.

"ఓ ముక్క వేసుకోండి లస్మయ్య గారూ, మా ఆవిడ మీకోసమని చెప్పి పంపింది."

తాత ముక్క తినేవాడు, ముల్లు కూడా చీకేవాడు, చివరికి మూతి తుడుచుకుని, "బాగనే ఉంది గని తమ్మీ, జెర పులుపెక్కువైంది" అనేవాడు. ఎప్పుడు పెట్టినా పులుపెక్కువే అయ్యేది.

ప్రపంచకప్పు ఇంకా కొన్నేళ్లు ఉందనగా, ఒక జనవరిలో యూరప్ నుంచి రెండు జట్లు చలికాలం సాధనకు వస్తున్నాయని మేనేజరు చెప్పాడు. ఒక్కో మైదానానికి ఒక్కో జట్టు. తాత ఊళ్లో అందరికీ ఫోన్లు చేశాడు. టీవీలో తన గడ్డి కనపడుతుందన్నాడు. సర్పంచ్ ఇంటికి వెళ్లి చూడమని అవ్వకు చెప్పాడు, ఆ ఇంట్లో టీవీ పెద్దది.

ధర్మరాజు మైదానానికి పెద్ద జట్టు వచ్చింది. బస్సు చుట్టూ కెమెరాలు, తోసుకుంటున్న జనం, నల్లద్దాలు పెట్టుకున్న ఆటగాళ్లు. తాత మైదానానికి గ్రాన్‌ఫోర్స్ అనే క్లబ్బు వచ్చింది. సంచులు వాళ్లే మోసుకుంటూ దిగారు. ఎండ కనపడగానే చొక్కాలు విప్పి, పాలలాంటి కాళ్లు చాపుకుని గడ్డి మీద పడుకున్నారు. లేచి తన్నిన మొదటి బంతి కంచె దాటి ధర్మరాజు మైదానంలో పడింది. అక్కడి ఆటగాడొకడు వెనక్కి తిరగకుండానే మడమతో దాన్ని తన్నాడు. అది సరిగ్గా వచ్చి తాత కాళ్ల దగ్గర ఆగింది.

తాతకు తల కొట్టేసినట్టయింది. జాలీ దగ్గరికి వెళ్లాడు.

"తమ్మీ, నాకిచ్చిన టీము ఎన్నో నంబరుది?"

"మూడో డివిజనండి."

"మూడోదా? అయితే మంచిదే గదా."

"అంటే వీళ్ల పైన ఇంకా రెండు డివిజన్లున్నాయండి. అక్కడ ఆడలేనివాళ్లు ఇక్కడ ఆడతారు."

తాత వాళ్లవైపు చూశాడు. ఒకడు బూటు లేసు కట్టుకుంటూ పడిపోయాడు.

"అంటే నీకు ఫస్టు క్లాసు పిల్లలు, నాకు సప్లిమెంటరీ బ్యాచు."

ఆ జట్టు వెంట బెర్టిల్ అనే ముసలాయన వచ్చాడు. మేజోళ్లు ఉతికించడం, నీళ్ల సీసాలు నింపడం, బంతులకు గాలి కొట్టడం ఆయన పని. జీతం లేదు, క్లబ్బు సభ్యుడు కాబట్టి చేస్తున్నాడు. వచ్చిన రోజే బూట్లు విప్పి తాత గడ్డి మీద నడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని వాసన చూశాడు. తాతవైపు తిరిగి పొడుగాటి మాట ఒకటి అన్నాడు. చివర్లో 'ఈవార్' అన్నట్టు వినిపించింది.

"ఏమన్నడు?" అని తాత అడిగాడు.

"గడ్డి బావుందన్నాడండి," అన్నాడు ధర్మరాజు.

"గంత పొడుగు మాట అన్నడు గదా. మిగిలింది ఏం జేసినవ్?"

ధర్మరాజు నసిగాడు. "ఈవార్ గనక చూసి ఉంటే, ఇంకాస్త పొట్టిగా కోయాలి అనేవాడట."

మా తాతకు ఈవార్ పేరు తెలిసింది అలాగ. మరుసటి రోజు గడ్డి పొట్టిగా కోశాడు. కానీ ఆ రాత్రి పప్పు సహించలేదు.

టీ విరామంలో బెర్టిల్ తోపుడు బండి బోర్లించి దాని మీద కూర్చునేవాడు. తాత కరక్ చాయ్ పోసి ఇచ్చేవాడు. బెర్టిల్ ఇంగ్లీషులో చెబితే, ధర్మరాజు కంచె అవతల నుంచి తెలుగులో అందించేవాడు. గ్రాన్‌ఫోర్స్ చరిత్ర మొత్తం మా తాతకు అలా జాలీ సందుల్లోంచి చేపముక్కలతో పాటే వచ్చింది.

గ్రాన్‌ఫోర్స్ అంటే నది ఒడ్డున ఒక కలప కోతమిల్లు ఊరు. మిల్లు యజమాని ఇంటిముందు పెద్ద పచ్చిక ఉండేదట. కూలీలు అందులో బంతి ఆడబోతే కుక్కలను వదిలాడట. అప్పుడు ఆ ఊళ్లో ఒక విధవరాలు తన ఆలుగడ్డ మడిని ఇస్తానంది. బదులుగా ప్రతి చలికాలం ఆమె పొయ్యికి కట్టెలు కొట్టివ్వాలి. అలా మొదలైంది క్లబ్బు. మొదటి మ్యాచ్‌లో బంతికన్నా ఆలుగడ్డలే ఎక్కువసార్లు కాళ్లకు తగిలాయట. ఓడిపోయారు. తవ్వి తీసిన ఆలుగడ్డలు ఉడకబెట్టి గెలిచినవాళ్లకే వడ్డించారు.

"మల్ల ఎప్పుడు గెలిచిండ్రు?" అని తాత అడిగాడు.

"అడుగుతా ఉండండి," అన్నాడు ధర్మరాజు. అడిగాడు. బెర్టిల్ ఆలోచించాల్సి వచ్చింది.

ఒకే ఒక్క ఏడు వాళ్లు రెండో డివిజన్‌కు ఎక్కారట. ఊరు ఊరంతా రైలెక్కి దక్షిణాదికి వెళ్లింది మ్యాచ్ చూడటానికి. ఆ ఏడు చివరికే మళ్లీ కిందికి వచ్చారు. ఆ ముచ్చట చెబుతుంటే బెర్టిల్ కళ్లలో నీళ్లు. తర్వాత ఒక వేసవిలో కొయ్య గ్యాలరీ కాలిపోయింది. సభ్యులు తలా ఒక పలకా గుప్పెడు మేకులూ తెచ్చి మళ్లీ కట్టుకున్నారు. పలకలకు ఎవరి ఇంటి రంగు వాళ్లు వేయడంతో గ్యాలరీ బొంతలాగా తయారైంది. ఇప్పటికీ క్లబ్బుకు యజమాని లేడు. సభ్యులందరిదీ, తలకొక ఓటు. జట్టు ఖతర్ రావడానికి ఆటగాళ్ల తల్లులూ పిల్లలూ ఇల్లిల్లూ తిరిగి టాయిలెట్ కాగితం చుట్టలు అమ్మారట.

తాత ఇది నమ్మలేదు. "ముడ్డి తుడుసుకునే కాగితం అమ్మి ఇంతమంది విమానమెక్కిండ్రా?"

"వాళ్ల దగ్గర క్లబ్బులన్నీ అలాగే చేస్తాయటండి."

"తలకొక ఓటు, ఇంటికింత చందా. అయితే మన గ్రామాభివృద్ధి కమిటీ లెక్కనే ఉన్నది," అన్నాడు తాత. అప్పటి నుంచి ఆయన వాళ్లను సప్లిమెంటరీ బ్యాచ్ అనడం మానేశాడు. 'మనోళ్లు' అనడం మొదలుపెట్టాడు.

కానీ కథ ఎక్కడ మొదలైనా చివరికి ఈవార్ దగ్గరికే వచ్చేది. ఈవార్ ఆ క్లబ్బు మైదానం చూసుకున్న మనిషి. జీవితాంతం అదే పని. ఏడాదిలో సగం మంచు కప్పి ఉండే నేల మీద, మిగతా సగంలో గడ్డి మొలిపించాడు. ఎవరినీ అడ్డదారిన మైదానం దాటనిచ్చేవాడు కాదట. క్లబ్బు అధ్యక్షుడిని రెండుసార్లు గొట్టంతో నీళ్లు కొట్టి తరిమాడట. పెళ్లికూతురు ఫోటో దిగుతానని వస్తే చెప్పులు విప్పించాడట. ఆయన చనిపోయినప్పుడు శవపేటికను సభ్యులు మైదానం చుట్టూ తిప్పారు. గీత లోపల ఒక్క అడుగు వేయలేదు. వేస్తే ఈవార్ లేచి తిడతాడని.

ఇది విన్న రోజు మా తాత చాయ్ తాగలేదు.

"సచ్చినంక గుడ గీత దాటనియ్యలే," అన్నాడు. చల్లారిన చాయ్ పారబోసి, "నేను సస్తే నన్ను ఏ గ్రౌండు సుట్టు తిప్పుతరు తమ్మీ?"

"మిమ్మల్ని కార్గోలో పంపుతారు లస్మయ్య గారూ," అన్నాడు ధర్మరాజు. ఇద్దరూ నవ్వారు. తాత ముందుగా నవ్వడం ఆపాడు.

బతికి ఉన్నవాడి మీద కుళ్లుకుంటే ఎప్పుడో ఒకప్పుడు వాడికి కష్టం వస్తుంది, మనసు చల్లబడుతుంది. చచ్చినవాడితో ఆ సుఖం లేదు. ఈవార్‌కు పంట పోదు, కూతురి పెళ్లి ఆగదు, పళ్లు ఊడవు. వాడు రోజురోజుకూ ఇంకా మంచివాడవుతూనే ఉంటాడు. తాత గీత వంకర లేకుండా గీస్తే, ఈవార్ దారం కట్టకుండానే గీసేవాడని బెర్టిల్ అనేవాడు. తాత పిట్టలను తోలితే, ఈవార్ పిట్టలకు పేర్లు పెట్టేవాడనేవాడు. అవ్వతో ఫోనులో తాత ఇరవై మాటలు మాట్లాడితే పది ఈవార్ మీదే. ఒకసారి అవ్వ విసుక్కుని, "ఎవడయ్య ఈ ఈవారు? మీ మేస్త్రీనా?" అంది. "మేస్త్రీ అయితే బాగుండు, కొట్లాడేటోణ్ణి," అన్నాడు తాత.

గ్రాన్‌ఫోర్స్ మూడు జనవరులు వచ్చింది. ఈలోగా దోహా నిండా స్టేడియాలు లేచాయి, మెట్రో వచ్చింది, రోడ్లు తవ్వారు, పూడ్చారు, మళ్లీ తవ్వారు. కరోనా ఏడు ఎవరూ రాలేదు. ఆ మరుసటి ఏడు చలికాలానికి ముందు ధర్మరాజు ఫోనుకు బెర్టిల్ కబురు పంపాడు. జనవరిలో వస్తున్నారు. ప్రపంచకప్పు ఏడు కాబట్టి ఆ తర్వాత మైదానాలు వాళ్లకు దొరకవు, ఇదే ఆఖరిసారి. క్లబ్బుకు నూరేళ్లు నిండుతున్నాయి. చరిత్ర పుస్తకం అచ్చు వేస్తున్నారు. అందులో దోహా గురించి ఒక పేజీ, తమకోసం గడ్డి పెంచిన మనిషి ఫోటో ఒకటి. రెండు మైదానాలూ చూసి, ఏది బాగుంటే దాని మీద ఆఖరి మ్యాచ్ ఆడి, అక్కడి మనిషిని ఫోటో తీస్తారు.

ధర్మరాజు ఈ కబురు దాచలేదు. చదివి వినిపించాడు. దాచి ఉంటే బాగుండేదని మా తాత ఇప్పటికీ అంటాడు.

ఆ రోజు నుంచి తాతకు ఒకటే ధ్యాస. దోహాలో ఆయన పోసిన కాంక్రీటు మీద నలభై అంతస్తులు లేచాయి. వాటిలో ఎక్కడా లస్మయ్య అని లేదు. ఊళ్లో మాత్రం 'దుబాయ్ పోయి గడ్డి కోసేటోడు' అని పేరు మిగిలింది. పుస్తకంలో ఫోటో పడితే ఆ నోళ్లు మూతపడతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పుస్తకంలో ఈవార్ ఉంటాడు. ఈవార్ ఉండే పుస్తకంలో తానూ ఉండాలి.

కానీ కంచె అవతల గడ్డి నవనవలాడుతోంది. ధర్మరాజు ఏం చేశాడో గానీ చిలకపచ్చగా, తివాచీలాగా పరుచుకుంది. తాత మైదానమూ పచ్చనిదే. కానీ పక్కన అది ఉంటే ఇది కొంచెం వెలిసిన చీరలాగా కనపడేది. తాత రోజూ జాలీ పట్టుకుని నిలబడి చూసేవాడు. చూసి చూసి కళ్లు మండేవి.

డిసెంబరులో ఒక పొద్దున ధర్మరాజు మైదానం నడుమ పసుపుపచ్చ మచ్చలు కనపడ్డాయి. మరునాటికి పెద్దవయ్యాయి. ధర్మరాజు తల పట్టుకున్నాడు. తాత ఆ పూట క్యాంపుకు వెళ్లి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఆ సంతోషంలో అవ్వకు ఫోను చేశాడు.

అవ్వ అంతా విని అడిగింది, "రోజు సూస్తుంటివా దాన్ని?"

"సూడకుంటె ఎట్ల? పక్కనే ఉన్నది గదా."

"ఎట్ల సూస్తుంటివి?"

తాత మాట మార్చి, క్యాంపులో కూర బాగుందన్నాడు.

"నీ కండ్లే తాకినయి," అంది అవ్వ. "నీ కండ్ల సంగతి నాకు తెల్వదా? మల్లయ్యోళ్ల బర్రెను సూసి 'ఎన్ని పాలిస్తున్నదో' అంటివి, తెల్లారి అది తన్నింది. ఆ మనిషి నీకు చాపల కూర పెట్టవట్టె, నువ్వు ఆయన గడ్డిల నిప్పులు పోస్తివి. దిష్టి తియ్యి. లేకుంటె ఆ పాపం మన ఇంటికొస్తది."

తాత తిన్న అన్నం అరగలేదు. కుళ్లుకోవడం ఒకటి, ఒకరి కష్టాన్ని నాశనం చేయడం వేరొకటి. మొదటిదానికి ఆయన ఎన్నడూ సిగ్గుపడలేదు. రెండోది మాత్రం ఆయనవల్ల కాదు.

"ఎట్ల తియ్యాలె? మైదానానికి దిష్టి ఎట్ల తీస్తరు?"

"మనిషికి తీసినట్టే. ఉప్పు, మిరపకాయలు. సుట్టు మూడు తిప్పి పొయ్యిల వెయ్యి."

"ఈడ మంట మాఫీ, పెట్టనియ్యరు. లైటర్ తీస్తెనే సెక్యూరిటోడు ఉరుకొస్తడు."

"అయితె నీళ్లల్ల కరగవెట్టి ఎవలు తొక్కని జాగల పొయ్యి."

మనిషికి పిడికెడు ఉప్పు అయితే మైదానానికి ఎంత? తాత లెక్క వేసుకుని, క్యాంపు వంటాయన రఫీయుద్దీన్ దగ్గర సగం బస్తా అడిగాడు.

"క్యా కరేగా ఇత్తా నమక్? మామిడికాయ తొక్కు పెడ్తవా లస్మన్నా?"

"దవాకు."

"ఎవరికి దవా, ఏనుగుకా?" అంటూనే రఫీయుద్దీన్ ఇచ్చాడు. ఆ పూట క్యాంపు అంతా చప్పిడి పప్పు తింది.

మరుసటి పొద్దున, ధర్మరాజు ఇంకా రాకముందు, తాత ఉప్పూ ఎండుమిరపకాయలూ బకెట్లో పోసి భుజాన పెట్టుకుని పక్క మైదానం చుట్టూ తిరిగాడు. "ఊరి దిష్టి, వాడ దిష్టి, నా దిష్టి, నా పెండ్లాం దిష్టి," అంటూ మూలమూలనా ఆగి థూ థూ అన్నాడు. గేటు దగ్గరి నేపాలీ గార్డు 'ఏం చేస్తున్నావు' అని చేయి ఊపితే, 'చెకింగ్' అని ఊపాడు. మోకాళ్లు విరిగిపోతున్నా మూడు చుట్లూ పూర్తి చేశాడు. తర్వాత బకెట్టు నిండా నీళ్లు పట్టి కలిపాడు.

ఇప్పుడు ఎవరూ తొక్కని చోటు కావాలి. బయటంతా బాటలే, అందరూ నడుస్తారు. కాలువలో పోద్దామంటే, ఖతర్‌లో ఒలికిన నీళ్లను కూడా పోనివ్వరు. శుభ్రం చేసి మళ్లీ స్ప్రింక్లర్లలోకే ఎక్కిస్తారు. దిష్టి తిరిగి రెండు మైదానాల మీదా వానలాగా కురుస్తుంది. తాత ఆలోచించాడు. మూడేళ్లుగా గ్రాన్‌ఫోర్స్ ఆట చూస్తున్నాడు. వాళ్ల ఎడమవైపు ఆటగాడు బద్ధకస్తుడు, ఏనాడూ ఎడమ మూల దాకా పరిగెత్తింది లేదు. ఆ మూల గడ్డి ఎప్పుడూ నిలబడే ఉంటుంది. భూమ్మీద ఎవరూ తొక్కని చోటు అంటూ ఉంటే అదే. అది తన మైదానంలోనే ఉంది.

బకెట్టు మొత్తం అక్కడ కుమ్మరించాడు.

వరి పండించిన మనిషి. చౌడు పొంగిన మడిలో ఏమీ మొలవదని ఆయనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ పొద్దున మాత్రం తెలియలేదు. దిష్టి ఉప్పు ఆయన దృష్టిలో ఉప్పు కాదు.

వారం తిరిగేసరికి ధర్మరాజు మైదానం మళ్లీ పచ్చబడింది. నేల అడుగున ఒక స్ప్రింక్లర్ మూతి ఇసుకతో పూడుకుపోయిందట, విప్పి కడిగానన్నాడు ధర్మరాజు. "అట్లనా తమ్మీ," అన్నాడు తాత, అసలు కారణం తనకు తెలిసినట్టు. ఆ పూట ఎంత తేలిగ్గా ఉందో, చేపల పులుసులో పులుపు కూడా సరిపోయింది.

ఆ సంతోషంలోనే తన మైదానం ఎడమ మూల చూశాడు. పెద్ద జల్లెడంత గుండ్రంగా మాడిపోయి ఉంది. గడ్డి పీకితే వేళ్లతో సహా ఊడొచ్చింది. నీళ్లు పెట్టాడు, తవ్వాడు, ఇసుక మార్చాడు. పక్కకు ఇంకాస్త పాకింది.

"సౌడు భూమి సూడనోనివా నువ్వు?" అని అవ్వ ఫోనులో అరిచింది. "ఎవలు తొక్కని జాగ అంటె నీ మడిల పోసుకొమ్మన్ననా?"

జనవరిలో గ్రాన్‌ఫోర్స్ వచ్చింది. బెర్టిల్ కర్ర పట్టుకుని వచ్చాడు, వయసు మీద పడింది. ధర్మరాజు మైదానం మీద వట్టికాళ్లతో నడిచి తల ఊపాడు. తర్వాత తాత మైదానం మీద నడిచాడు. నడిచి నడిచి, ఆయన జట్టు నూరేళ్లలో ఎన్నడూ వెళ్లని ఎడమ మూలకే సరిగ్గా వెళ్లాడు. చాలాసేపు కిందికి చూశాడు. ఏదో అడిగాడు.

"ఇదెలా అయిందని అడుగుతున్నాడండి," అన్నాడు ధర్మరాజు. "నేనూ అడుగుదామనే ఉన్నాను. చెప్పండి, అనువదిస్తా."

తాతకు దారి లేదు. తన కుళ్లు సంగతి ఎవరి మీద కుళ్లుకున్నాడో ఆ మనిషి నోటితోనే చెప్పించుకోవాలి.

"నీ గడ్డి మీద నా కండ్లు వడ్డయి తమ్మీ. అందుకే మచ్చలు వడి మాడింది అనుకున్న. దిష్టి తీసిన. ఆ ఉప్పు తెచ్చి ఈడ పోసిన."

"ఏంటండీ ఇది లస్మయ్య గారూ! ఇసక పట్టి మూతి పూడుకుపోతే దిష్టంటారేంటి? మా దయమ్మ ప్రతి రాత్రీ ఈ గడ్డి కోసం ప్రార్థన చేస్తోంది కదా, మళ్లీ మీ ఉప్పెందుకు?"

"నాకేం తెల్సు, ప్రార్థన జేస్తున్నదని. సెప్పకపోతివి."

ఎలా చెప్పాడో గానీ ధర్మరాజు అంతా ఇంగ్లీషులో చెప్పాడు. కళ్లు తాకడం దగ్గర చేతులతో చూపించాడు. బెర్టిల్ ముందు నవ్వలేదు. తర్వాత ఆ కర్ర మీద వాలి, పడిపోతాడేమో అన్నంతగా నవ్వాడు. నవ్వు ఆగాక ఒక మాట చెప్పాడు. ధర్మరాజు వింటూ వింటూ తాతవైపు తిరిగాడు.

"ఈవార్ కూడా కుళ్లుబోతేనటండి. పక్క ఊరి క్లబ్బు మైదానం వీళ్లదానికన్నా బాగుండేదట. ప్రతి ఆదివారం సైకిలేసుకుని వెళ్లి వాళ్ల కంచె దగ్గర నిలబడి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగొచ్చేవాడట. ఒక ఏడు మంచు కరిగాక వాళ్ల గడ్డికి బూజు పట్టి పోయిందట. ఆ రోజు ఈవార్ బేకరీకి వెళ్లి ఒక పెద్ద కేకు కొనుక్కుని, ఒక్కడే కూర్చుని మొత్తం తినేశాడట."

తాత కళ్లు పెద్దవయ్యాయి. "మొత్తమా?"

"మొత్తం అండి."

"మల్ల దిష్టి తీసిండా?"

ధర్మరాజు అడిగి చెప్పాడు. "లేదటండి. కేకు తిన్నాడు, అంతే."

మా తాత నడుము నిటారుగా అయింది. "అయితే సెప్పు ఆయనకు. ఆ ఈవార్ కేకు తిన్నడు. నేను ఉప్పు మోసిన, మోకాళ్లు పగిలేటట్టు మూడు సుట్లు తిరిగిన. ఎవడు మంచోడు? పుస్తకంల ఇది రాయమను."

ఆఖరి మ్యాచ్ ధర్మరాజు మైదానం మీదే జరిగింది. అది న్యాయమే. జట్టుతో పాటు మధ్యలో నిలబడి ధర్మరాజు ఫోటో దిగాడు. తాత జాలీ ఇవతల నుంచి చూశాడు. ఆయన ముఖం ఎలా ఉందో రాయను, మీరే ఊహించుకోండి. అయిపోయాక బెర్టిల్ కంచె చుట్టూ తిరిగి వచ్చి, తాతను ఎడమ మూలకు తీసుకెళ్లి, మాడిన గడ్డి పక్కన నిలబెట్టి ఒక ఫోటో తీసుకున్నాడు. పుస్తకంలో వేస్తాడో లేదో చెప్పలేదు.

పుస్తకం ప్రపంచకప్పుకు కొన్ని వారాల ముందు, దోహా మొత్తం జెండాలు కట్టాక, ధర్మరాజు ఇంటికి పోస్టులో వచ్చింది. ధర్మరాజు రెండు పేజీల నిండా రంగుల్లో ఉన్నాడు. మా తాత ఈవార్ గురించి రాసిన అధ్యాయంలో, ఈవార్ పెద్ద ఫోటో కింద, అగ్గిపెట్టె అంత ఉన్నాడు. ముఖం కన్నా మాడిన గడ్డే బాగా పడింది. కింద ఏం రాశారో ధర్మరాజు ఫోనులో తర్జుమా చేయించి చదివాడు. 'లస్మయ్య, దోహా. మన ఈవార్ కన్నా మంచివాడు, ఆయన మాట ప్రకారం.'

తాత ఆ పేజీని ఫోటో తీసి ఊరికి పంపాడు. అవ్వ దాన్ని పెద్దది చేయించి సర్పంచ్‌కు చూపించింది. ఊళ్లో గడ్డి కోసేటోడు అనడం ఎవరూ మానలేదు, 'పుస్తకంల పడ్డ గడ్డి కోసేటోడు' అంటున్నారు.

ఈ శుక్రవారం సెలవు రోజు, తాత క్యాంపులో ఉల్లిగడ్డలు కోస్తుండగా, ఇదంతా ఆయనకు ఫోనులో మొదటి నుంచి చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. పూర్తయ్యాక కత్తి చప్పుడు ఆగింది. ఎలా ఉంది తాతా అని అడిగాను.

"నువ్వు గుడ ఆ ఈవార్ గాని గురించే ఎక్కువ రాసినవ్ గదనే పోరీ," అన్నాడు.